పెద్ద బోటు అమ్మి చిన్నదానికి మారేటప్పుడు: పొడవు తగ్గించుకోండి, వెడల్పు మాత్రం తగ్గించుకోకండి

మీరు రాసింది మొత్తం చదివానండి. 67 ఏళ్ళు, 26 అడుగుల బోటు, రెండు ఇంజిన్లు, ఒక మోకాలు మార్పించుకున్నారు, భుజానికి ఆపరేషన్ అయింది, తీరం నుంచి 30 కిలోమీటర్లు లోపలికి పోయి పెద్ద చేపల వెంట పడే ఓపిక ఇక లేదు, ఏటి మొగలోనో చెరువులోనో ప్రశాంతంగా గాలం వేసుకుని కూర్చోవాలని ఉంది, ఎంత చిన్న బోటు కొనాలి, ఏ ఇంజిన్ పెట్టాలి, పాతదాన్ని ఇంకో ఏడాది ఉంచుకోవచ్చా అని అడిగారు. నాకిప్పుడు 72. ఎనిమిదేళ్ళ కింద ఇదే పని చేశాను, మొదటిసారి తప్పు చేసి రెండోసారి సరిగ్గా చేశాను, రెండూ చెప్తాను, కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

"చిన్నది కొంటే ఇక మన పని అయిపోయినట్టేనా" అని చివర్లో రాశారు చూడండి, అది చదివి మనసు చివుక్కుమంది, ఎందుకంటే నేనూ అచ్చం అదే అనుకుని రెండేళ్ళు వాయిదా వేశాను. ఆ రెండేళ్ళలో నేను నీళ్ళ మీదికి వెళ్ళింది మొత్తం 9 సార్లు. సరైన చిన్న బోటు దొరికిన మొదటి ఏడాది 40 సార్లకి పైగా వెళ్ళాను. ఏది పని అయిపోవడమో మీరే చూసుకోండి.

నాకు తెలిసొచ్చిన రోజు చెప్తాను. అప్పుడు నాది 25 అడుగుల బోటు. ఒక్కడినే వెళ్ళాను, 12 మీటర్ల లోతులో లంగరు వేశాను, 60 మీటర్ల తాడు, దాని చివర 5 మీటర్ల గొలుసు, 10 కిలోల లంగరు. చేపలు బానే పడ్డాయి. ఇక బయల్దేరదామని ముందు భాగానికి వెళ్ళి తాడు లాగడం మొదలుపెడితే గాలి ఎదురుగా కొడుతోంది, సగం తాడు వచ్చేసరికి కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కి పట్టు వదిలేశాయి, తాడు అరచెయ్యి కోసుకుంటూ జర్రున జారి మళ్ళీ నీళ్ళలోకి పోయింది, నా కాలు ఆ తాడు చుట్టలో లేదు కాబట్టి సరిపోయింది, ఉంటే ఇవాళ మీకిది రాసేవాణ్ణి కాదు. అరగంట అలాగే డెక్ మీద కూలబడిపోయాను. ఇంటికొచ్చి ఆ రాత్రి కాగితం మీద లెక్క రాశాను, ట్రైలర్ తగిలించడం, నీళ్ళలో దింపడం, అంత దూరం పోవడం రావడం, లంగరుతో కుస్తీ, మళ్ళీ ట్రైలర్ ఎక్కించడం, కడగడం, ఇంజిన్లకి మంచినీళ్ళు పట్టించడం, ఇవన్నీ కలిపితే 6 గంటల 40 నిమిషాలు. గాలం నీళ్ళలో ఉన్నది 2 గంటల 10 నిమిషాలు.

మీరు కూడా ఆ కాగితం రాయండి, బోటు చూడ్డానికి వెళ్ళేముందే రాయండి. ఏ పని దగ్గర ఒళ్ళు నొప్పెడుతోంది, ఏ పని గుర్తొస్తే పొద్దున్నే వెళ్ళబుద్ధి కావట్లేదు, అన్నీ రాసుకోండి. కొత్త బోటు ఆ పనుల్ని తగ్గించాలి. చాలామంది అడుగుల లెక్కతో మొదలుపెడతారు, 26 నుంచి 20కా, 16కా, 12కా అని, నేను దెబ్బతిన్నది అక్కడే.

నేను మొదట కొన్నది 12 అడుగుల బోటు, వెడల్పు నాలుగున్నర అడుగులు ఉంటుందేమో. తేలిక, చవక, ఇద్దరు మోసేయొచ్చు, ఇంకేం కావాలి అనుకున్నాను. మూడోసారి వెళ్ళినప్పుడు మంచి చేప పడింది, పక్కకి తెచ్చాను, వల గరిట అందుకోడానికి లేచి ఒక అడుగు పక్కకి వేశానంతే, బోటు అంచు నీళ్ళకి తాకేంతగా వాలిపోయింది, బొళక్కున ఒక బకెట్ నీళ్ళు లోపలికొచ్చాయి, ఇరవై ఏళ్ళ కుర్రాడైతే నడుము తిప్పి నిలదొక్కుకుంటాడు, నాకు ఆ వేగం ఎక్కడిది, మోకాళ్ళ మీద పడ్డాను. చేప పోయింది, రాడ్డు కూడా పోయింది. ఆ తర్వాత ఆ బోటులో ఎప్పుడూ ఒళ్ళు బిగబట్టుకునే కూర్చున్నాను, నాలుగు గంటలు అలా కూర్చుంటే ఇంటికొచ్చేసరికి నడుము పట్టేసేది. ప్రశాంతత కోసం కొన్న బోటులో ఒక్క నిమిషం ప్రశాంతంగా లేను. సీజన్ అవగానే అమ్మేశాను.

దీని వెనక లెక్క ఉందండి, అది తెలిస్తే మీరు ఆ తప్పు చెయ్యరు. బోటు పక్కకి వాలకుండా నిలబడే బలం పొడవుతో మామూలుగా పెరుగుతుంది, వెడల్పుతో మాత్రం ఘనం లెక్కన పెరుగుతుంది. అంటే అదే పొడవు, అదే తరహా అడుగున్న బోటు నాలుగున్నర అడుగుల వెడల్పు నుంచి 6 అడుగులకి వెళ్తే వెడల్పు మూడోవంతే పెరిగింది, కానీ పక్కకి వాలకుండా ఆపే బలం రెండు రెట్లు దాటిపోతుంది. అందుకే నేను ఎవరు అడిగినా ఇదే చెప్తాను, పొడవు ఎంతైనా తగ్గించుకోండి, వెడల్పు 6 అడుగుల కిందికి దిగనివ్వకండి. ఇప్పుడు నా దగ్గరున్నది 16 అడుగుల అల్యూమినియం బోటు, వెడల్పు ఆరున్నర, నాతో ఇంకొకరుండి ఇద్దరం ఒకే పక్కన నిలబడి చేపని పైకి తీసినా నింపాదిగా కొంచెం వాలుతుందంతే. మీరు చెప్పిన నీళ్ళకి 15 నుంచి 17 అడుగుల మధ్య చూడండి. 14 కూడా పనికొస్తుంది గానీ ఒక్కరికే, అదీ చెరువుల్లోనే.

యూరప్ ప్రమాణాల్లో బోట్లని ఏ, బీ, సీ, డీ అని విభజిస్తారు, మీ దగ్గర ఆ ప్లేటు ఉన్న బోటు దొరికితే చూడండి. డీ అంటే బ్యూఫోర్ట్ (గాలి బలం చెప్పే కొలత) 4 గాలి, 0.3 మీటర్ల అల వరకు, అంటే చెరువులూ కాలవలూ. సీ అంటే బ్యూఫోర్ట్ 6, 2 మీటర్ల అల వరకు. మీరు ఏటి మొగ అన్నారు కాబట్టి సీ తీసుకోండి, సీ ఉంది కదా అని 2 మీటర్ల అలల్లోకి వెళ్ళమని కాదు, పాటుకి, అంటే సముద్రం వైపు లాగే నీళ్ళకి, గాలి ఎదురు తిరిగి మొగ దగ్గర కెరటాలు నిక్కబొడుచుకున్నప్పుడు తప్పించుకుని రావడానికి కొంచెం మిగులు ఉండాలని.

లోపలి ఏర్పాటు గురించి కాసేపు ఆగి చెప్పాలి, మోకాలు మార్పించుకున్నవాళ్ళకి అసలు విషయం ఇదే. పాతకాలం అల్యూమినియం బోట్లలో అడ్డంగా రెండు మూడు బల్లలుంటాయి, ముందు నుంచి వెనక్కి రావాలంటే ప్రతి బల్లా దాటాలి, ఒక కాలు ఎత్తి ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు తియ్యాలి, అదీ కదిలే బోటులో. ఇంట్లో గోడ పక్కన నిలబడి ఒంటికాలి మీద 10 సెకన్లు చూడండి, తూలారా, అయితే బల్లల బోటు మీకొద్దు. నేల మొదటి నుంచి చివరి దాకా ఒకే మట్టంలో ఉండాలి, మధ్యలో మెట్టు ఉండకూడదు, ముందు భాగంలో గాలం విసరడానికని ఎత్తుగా అరుగులాంటిది కట్టి అమ్ముతారు కొన్ని బోట్లు, చూడ్డానికి బాగుంటుంది, కానీ అక్కడ నిలబడితే బోటు అంచు మీ పిక్క దగ్గరికొస్తుంది, పడితే పట్టుకోడానికి ఏమీ ఉండదు. అంచు కనీసం మోకాలి పైకి రావాలి, తొడ మధ్యకి వస్తే ఇంకా మంచిది, ఆనుకుని నిలబడొచ్చు.

సీటుకి వీపు ఆనే దన్ను ఉండాలి, ఎత్తు మీ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కుర్చీ అంత ఉండాలి, అంతకంటే కిందికి ఉంటే లేవడానికి చేతుల మీద భారం వేస్తారు, మీ భుజం ఒప్పుకోదు. కొనేముందు ఆ సీటులో అరగంట కూర్చోండి, బోటు ట్రైలర్ మీద ఉన్నా ఫర్వాలేదు, అమ్మేవాడు ఏమైనా అనుకోనీ. లేచి, నడిచి, వంగి, వల గరిట అందుకుని, మళ్ళీ కూర్చుని చూడండి. నేను రెండో బోటు కొనేటప్పుడు ఇలాగే చేసి రెండు బోట్లు వద్దనుకున్నాను, మూడోది తీసుకున్నాను.

ఎక్కేటప్పుడు దిగేటప్పుడు పట్టుకోడానికి నిలువు కమ్మీ ఒకటి పెట్టించుకోండి. నాది కన్సోల్ (స్టీరింగ్ బిగించిన దిమ్మ) పక్కన నడుమెత్తున ఉంది, వెల్డింగ్ చేసి కింద అల్యూమినియం పలక ఆనించి బిగించారు. ఒక కాలు గట్టు మీద ఒక కాలు బోటులో పెట్టి ఆలోచిస్తూ నిలబడకూడదు, రెండు పడవల మీద కాళ్ళంటారే, గట్టు మీదా బోటులో కూడా అంతే, కమ్మీ పట్టుకోవాలి, బోటు మధ్యలో కాలు మోపాలి, వెంటనే కూర్చోవాలి. సామాను చేతిలో పట్టుకుని ఎక్కకండి, ముందు సామాను లోపల పెట్టండి.

ఇక ఇంజిన్. మీరు 60 హెచ్‌పీ అనుకుంటున్నారు, అంత అక్కర్లేదు. 16 అడుగుల బోటు నీళ్ళని చీల్చుకుంటూ మెల్లిగా పోయేటప్పుడు దానికి సహజంగా వచ్చే వేగం గంటకి 9, 10 కిలోమీటర్లు, ఆ వేగానికి 6 హెచ్‌పీ కూడా సరిపోతుంది. కానీ పాటు లాగేటప్పుడు ఎదురెక్కాలి, మబ్బు కనిపిస్తే త్వరగా ఒడ్డుకి రావాలి, దానికోసం 20 హెచ్‌పీ పెట్టుకున్నాను, ఇద్దరం ఉన్నా ముక్కు పైకెత్తి తేలిగ్గా పరిగెడుతుంది. పూర్తి వేగంలో 150 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ గంటకి దగ్గరదగ్గర 50 లీటర్లు తాగుతుంది, మీవి రెండు. 20 హెచ్‌పీ అదే తీరులో నడిపితే 7 లీటర్లు. నేను ఎప్పుడూ సగం పైన తిప్పను కాబట్టి నాకు ఒక పొద్దుకి 6, 7 లీటర్లు మించి అవ్వదు.

బలం కంటే ముఖ్యం రెండున్నాయి, సెల్ఫ్ స్టార్ట్ ఉండాలి, బటన్ నొక్కితే ఇంజిన్ పైకి లేచేది ఉండాలి. తాడు లాగి స్టార్ట్ చేసేది చవగ్గా వస్తుంది, తేలిగ్గా ఉంటుంది, మీ భుజం నాలుగోసారి లాగేటప్పుడు మళ్ళీ డాక్టర్ దగ్గరికి పంపిస్తుంది. 20 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ 50 కిలోలకి అటూ ఇటూ ఉంటుంది, ఇసుక తగిలినప్పుడల్లా వెనక్కి వంగి దాన్ని చేత్తో ఎత్తడం మన వయసులో వద్దు.

చేత్తో తిప్పే కర్ర ఉన్న ఇంజినా, స్టీరింగ్ ఉన్న కన్సోలా అని అడిగారు. కర్ర ఉంటే బోటులో చోటు కలిసొస్తుంది, చెడిపోవడానికి ఏమీ ఉండదు. కానీ నడిపేవాడు వెనక మూల కూర్చుని ఒంటిని పక్కకి తిప్పి, మెడ తిప్పి ముందుకి చూడాలి, మెడ నొప్పి ఉన్నవాళ్ళకి గంటలో తెలిసిపోతుంది. పైగా మనిషి బరువూ, ఇంజిన్ బరువూ, పెట్రోలు ట్యాంకూ అన్నీ వెనకే, ఒక్కరే వెళ్తే బోటు ముక్కు ఆకాశం చూస్తుంది. నేను పక్క కన్సోల్ తీసుకున్నాను, బ్యాటరీలు కూడా దాని కిందికి జరిపాను, బరువు మధ్యలోకి వచ్చి నడక కుదిరింది.

లంగరు కష్టం నాకు తీరింది దేనివల్లంటే ముందు భాగంలో పెట్టే కరెంటు మోటార్ వల్ల. జీపీఎస్ ఉన్నది తీసుకోండి, ఖర్చు ఎక్కువే, నేను బోటు మీద పెట్టిన వాటిలో దేనికైనా బాధపడ్డానేమో గానీ దీనికి మాత్రం కాదు. బటన్ నొక్కితే ఆ చోటే గుర్తుపెట్టుకుని గాలి తోసినా పాటు లాగినా తనే తిరుగుతూ బోటుని అక్కడే నిలబెడుతుంది, తాడు లేదు, గొలుసు లేదు, బురద లేదు. 12 వోల్టులకి 55 పౌండ్ల బలంతో తోసేది నా సైజు బోటుకి చెరువులో సరిపోయింది, ఏటి మొగలో పాటు గట్టిగా ఉంటే 24 వోల్టుల 80 పౌండ్లది చూసుకోండి. బ్యాటరీ దగ్గర కక్కుర్తి పడకండి. 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) సీసం బ్యాటరీ 27 నుంచి 30 కిలోలు, అందులో సగమే వాడాలి, అంతకంటే వాడితే త్వరగా పోతుంది. అదే 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ 12 కిలోల దగ్గర ఉంటుంది, దాదాపు మొత్తం వాడుకోవచ్చు, దానికి తగ్గ ఛార్జర్ మాత్రం విడిగా కొనాలి. ప్రతిసారీ ఇంట్లోంచి బోటుకి ఎత్తి మోసేది మనమే కదా, నేను డబ్బుకి వెనకాడకుండా మార్చింది అందుకే.

అలాగని లంగరు ఇంట్లో వదిలెయ్యకండి. ఇంజిన్ ఆగిపోయి, బ్యాటరీ అయిపోయి, పాటు మిమ్మల్ని సముద్రంలోకి లాగేటప్పుడు కాపాడేది అదొక్కటే. 4 కిలోలది చాలు, తాడు లోతుకి 5 నుంచి 7 రెట్లు ఉండాలి, ఎప్పుడూ ముక్కు నుంచే వెయ్యండి. వెనక నుంచి వేస్తే చిన్న బోటు ఇంజిన్ బరువుకి అసలే కిందికుంటుంది, వచ్చే అల నేరుగా లోపలికొస్తుంది, అలా మునిగిన బోట్లు చాలా ఉన్నాయి.

ట్రైలర్ గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలుసు. నా పాతది ట్రైలర్‌తో కలిపి 3 టన్నులకి దగ్గర, ఇప్పుడు మొత్తం 550 కిలోలు, చేత్తో తోసి షెడ్డులో పెట్టుకుంటాను. రోలర్లు ఉన్నది తీసుకోండి, నీళ్ళు తగ్గినప్పుడు కూడా బోటు జారుతుంది, మీరు మోకాలి లోతు దిగక్కర్లేదు. రేవు చేరగానే దింపెయ్యకండి, దూరం నుంచి వచ్చిన చక్రాల బేరింగులు వేడిగా ఉంటాయి, చల్లనీళ్ళలో పెడితే లోపల గాలి కుంచించుకుని నీళ్ళని పీల్చేస్తుంది, ఒక పావుగంట ఆగండి, ఆలోపు సామాను సర్దుకోండి.

ఇప్పుడు మీకు ఇబ్బందిగా అనిపించే సంగతి, చిన్న బోటు అలల మీద పెద్దదానిలా పోదు. అడుగు చదునుగా ఉంటుంది, వేగంగా పోతే ప్రతి అలకీ దబ్బున కొడుతుంది, ఎముకలు పలచబడిన వయసులో ఒక్క గట్టి కుదుపుకి వెన్నుపూస నలిగిన సందర్భాలున్నాయి. ముందు సీటులో ఎవరినీ కూర్చోబెట్టకండి, కుదుపు అక్కడే ఎక్కువ, మీ ఇంటావిడ వస్తే వెనక్కి దగ్గరగా కూర్చోమనండి. వేగం తగ్గించడమే మందు. గాలి విషయంలో మీ పాత హద్దులు మర్చిపోండి. 26 అడుగుల బోటుతో మీరు బ్యూఫోర్ట్ 5లో కూడా వెళ్ళి ఉంటారు, ఇప్పుడు నా హద్దు 3, అంటే 10 నాట్ల (గంటకి దాదాపు 18 కిలోమీటర్ల) లోపు. కంటికి ఎలా తెలుస్తుందంటే అలల తలల మీద అక్కడొకటి ఇక్కడొకటి తెల్ల నురగ కనిపిస్తే అది 3, ఎటు చూసినా నురగే కనిపిస్తే 4 దాటినట్టు, అప్పటికి మీరు ఒడ్డున ఉండాలి. నేను రేవు దాకా వెళ్ళి నురగ చూసి వెనక్కి వచ్చిన రోజులు బోలెడు, చిన్న బోటులో ఉన్న సుఖం ఏంటంటే అలా వచ్చినా పెద్ద కష్టం వృథా అయినట్టు ఉండదు.

నీళ్ళలో పడటం గురించి దయచేసి దాటేసి చదవకండి. బోటు కొన్న వారానికి మా అబ్బాయిని పక్కన పెట్టుకుని, నడుం పైకొచ్చే నీళ్ళలోకి కావాలనే దిగాను, బట్టలతో, లైఫ్ జాకెట్‌తో. ఎక్కలేకపోయాను. అంచు పట్టుకుని పైకి లాక్కుంటుంటే కాళ్ళు బోటు కిందికి పోతాయి, ఒళ్ళు వెల్లకిలా అవుతుంది, మూడుసార్లు ప్రయత్నించేసరికి చేతుల్లో సత్తువ అయిపోయింది, తొక్కడానికి నేల ఉండగానే నా పని అలా ఉంటే లోతులో ఏమయ్యేది. మర్నాడే వెనక ఇంజిన్ పక్కన మడత నిచ్చెన పెట్టించాను, 4 మెట్లది, కింది రెండు మెట్లు నీళ్ళలోపలికి దిగాలి, నీళ్ళలో ఉండగానే కిందికి లాగితే తెరుచుకోవాలి, ఈ రెండూ లేకపోతే ఆ నిచ్చెన ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. పెట్టించాక మళ్ళీ దిగి ఎక్కి చూసుకున్నాను. మీరూ ఒక మనిషిని తోడు పెట్టుకుని చెయ్యండి.

నీళ్ళు చల్లగా ఉండే చోటయితే కెనడాలో మానిటోబా యూనివర్సిటీ ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పే 1-10-1 గుర్తుపెట్టుకోండి, మంచులాంటి నీళ్ళలో పడ్డాక ఊపిరి అదుపులోకి తెచ్చుకోడానికి 1 నిమిషం, చేతులు కాళ్ళు పనిచేసేది 10 నిమిషాలు, స్పృహ తప్పేలోపు 1 గంట. ఆ మొదటి నిమిషం మిమ్మల్ని తేల్చి ఉంచేది ఒంటి మీదున్న జాకెట్టే, సీటు కింద ఉన్నది కాదు. నీళ్ళు తగిలితే తనే ఉబ్బే, 150 న్యూటన్ల తేల్చే బలం ఉన్న జాకెట్ సన్నగా పట్టీలాగా ఉంటుంది, వేసుకున్నట్టే తెలియదు, గ్యాస్ సిలిండర్ బిగుతుగా ఉందో లేదో ప్రతిసారీ తిప్పి చూడండి. ఇంజిన్ ఆపే తాడు మణికట్టుకో జాకెట్‌కో తగిలించకుండా ఇంజిన్ స్టార్ట్ చెయ్యకండి, ఒక్కరే పడిపోతే బోటు మిమ్మల్ని వదిలేసి పోవడమో, గుండ్రంగా తిరిగి మీ మీదికే రావడమో జరుగుతుంది. ఫోను నీళ్ళు చొరని సంచిలో పెట్టి మెడకి వేసుకోండి. మొగ దాటి వెళ్ళే ఆలోచనుంటే చేతి వీహెచ్‌ఎఫ్ రేడియో, 406 మెగాహెర్ట్జ్ పీఎల్‌బీ (ఆపదలో మీరున్న చోటు తెలిపే సిగ్నల్ పంపే చిన్న పరికరం) రెండూ ఒంటి మీదే ఉండాలి. ఎన్నింటికి వస్తానో ఇంట్లో చెప్పి వెళ్ళండి, ఆ టైముకి రాకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో కూడా కాగితం మీద రాసిపెట్టండి.

ఇంకోటి, ఇది ఎవరూ మాట్లాడరు. మన వయసు మగాళ్ళు చిన్న బోటులోంచి పడిపోయేది కొన్నిసార్లు ఒంటికి పోసుకోడానికి అంచు దగ్గర నిలబడినప్పుడే. మూత ఉన్న వెడల్పు మూతి సీసా ఒకటి పెట్టుకోండి, కూర్చునే కానివ్వండి. బీపీకి నీరు పోయే మాత్ర వేసుకునేవాళ్ళు చాలామంది బోటు ఎక్కే రోజు మాత్రా మానేస్తారు, నీళ్ళూ తాగరు, ఎండలో కళ్ళు తిరిగి పడతారు. మాత్ర ఎన్నింటికి వేసుకోవాలో డాక్టర్ని అడిగి జరుపుకోండి, మానెయ్యకండి. రక్తం పలచబడే మందు వాడుతుంటే చేప కత్తి గాటుకి కూడా రక్తం త్వరగా ఆగదు, ఒత్తి కట్టే బ్యాండేజీ పెట్టెలో ఉండాలి, గాలాలకి ముల్లు ప్లయర్‌తో నొక్కేసి వాడండి, చేపకీ మంచిది, మీ వేలికీ మంచిది.

రాడ్లు, రీళ్ళ గురించి, మీ దగ్గర ఇరవై ఉన్నాయన్నారు, నాలుగు ఉంచుకోండి. 7 అడుగుల తేలికపాటి స్పిన్నింగ్ రాడ్డు, 2500 సైజు రీలు, 10 పౌండ్ల అల్లిక దారం, ఈ మొగల్లో దొరికే చేపల్లో చాలావాటికి ఇదే చాలు. పెద్ద రీళ్ళతో లాగినప్పుడు తెలియని సంగతి ఏంటంటే రెండు కిలోల చేప కూడా సన్న రాడ్డు మీద చేతిలో గుండె కొట్టుకున్నట్టు కొట్టుకుంటుంది, దాని తల తిప్పడం, కిందికి దిగడం, ఆగి ఆలోచించుకోవడం అన్నీ వేళ్ళకి తెలుస్తాయి. పొద్దున్నే ఇంజిన్ ఆపేశాక నీళ్ళు బోటు అడుగుని తట్టే చప్పుడు నేను పాత బోటులో ముప్పై ఏళ్ళు వినలేదు. వల గరిట పిడి మాత్రం పొడవుది కొనండి, నిలబడకుండా వంగకుండా అందాలి.

పాతది కొనేటట్టయితే మూడు చూడండి. ఇంజిన్ కింది భాగం పట్టుకుని గట్టిగా పైకీ కిందికీ ఊపండి, ఇంజిన్ బిగించిన వెనక పలక వంగినట్టు కదిలితే లోపల చెక్క కుళ్ళింది, వదిలెయ్యండి. సీట్ల కింద, నేల కింద తేలడానికి పెట్టిన ఫోమ్ పాత బోట్లలో నీళ్ళు పీల్చుకుని పదుల కిలోలు బరువెక్కుతుంది, పైకి కనపడదు, కాటా మీద ట్రైలర్‌తో సహా తూయించి కంపెనీ చెప్పిన బరువుతో పోల్చండి. ఆ ఫోమ్ తీసేసి చోటు చేసుకున్న బోటు అసలే వద్దు, నీళ్ళు నిండినా బోటు తేలేది దానివల్లే. ఇక బోటు మీద ఇంతమంది, ఇంత బరువు అని ప్లేటు ఉంటే అందులో రాసిందాని కంటే ఒక మనిషిని తగ్గించి లెక్క వేసుకోండి.

పాతదాన్ని ఇంకో ఏడాది ఉంచుకోవచ్చా అన్నారు. వద్దండి. నేను ఎనిమిది నెలలు ఉంచుకున్నాను. వాడని బోటుకి కూడా ఆయిల్ మార్చాలి, పెట్రోలు పాతబడుతుంది, బ్యాటరీలు చస్తాయి, టైర్లు ఎండకి పగుళ్ళిస్తాయి, అది కనపడినప్పుడల్లా మనసు లాగుతుంది, కొత్తదాన్ని దానితో పోలుస్తూ ఉంటారు. దానికోసం పెట్టే డబ్బుతో చిన్నదానికి మంచి సీటు, మంచి బ్యాటరీ వస్తాయి. సీజన్ మొదలయ్యే ముందు నెలలో, నీళ్ళలో నడిపి చూపించి అమ్మండి. కొనడానికి వచ్చినవాడు ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకొస్తే ధర కొంచెం తగ్గించండి, నేను తగ్గించాను, ఆ పిల్లలు ముందు సీట్ల కోసం కొట్టుకుంటుంటే చూసి నాకు బాధ సగం పోయింది.

ఒక్క విషయం మీరు రాయలేదు, ఆపరేషన్ అయింది ఏ భుజానికి? కర్ర ఇంజిన్ అయితే సాధారణంగా కుడి పక్కన కూర్చుని ఎడమ చేత్తో నడుపుతారు, కన్సోల్ అయితే గేరు, వేగం కుడి చేతి కిందకొస్తాయి. అది చెప్పండి, మీ రేవులో పాటు తగ్గినప్పుడు ర్యాంపు చివర నీళ్ళు ఎంత లోతుంటాయో కూడా కొలిచి రాయండి, ఏ ట్రైలర్ కుదురుతుందో చెప్తాను.